పాత తుపాకి విలువ ఎంత?

పాత తుపాకి ఒకటి కంటపడితే మన పెద్దవాళ్ళు ముందుగా అడిగేది రెండే ప్రశ్నలు. ఇది ఎన్నాళ్ళ నాటిది? అమ్మితే ఎంత వస్తుంది? ఈ రెండింటికీ జవాబు చాలావరకు తుపాకి మీదే ఉంటుంది. దాని మీద కొట్టిన అక్షరాలు, అంకెలు, కిరీటం ముద్ర చదవడం తెలిస్తే అది ఏ సంవత్సరంలో, ఏ కార్ఖానాలో తయారైందో, ఏ సైన్యం వాడిందో చెప్పవచ్చు. కానీ చరిత్ర చదివే విద్యార్థులుగా మనం మూడో ప్రశ్న కూడా అడగాలి. ఈ తుపాకిని ఎవరి చేతికి ఇచ్చారు? ఎవరి చేతికి ఇవ్వలేదు? నా వ్యాసం ముఖ్యంగా ఈ మూడో ప్రశ్న గురించే. దానికి ముందు మొదటి రెండు ప్రశ్నలకూ నేను తెలుసుకున్నంత రాస్తాను.

మన బారామహల్, టిప్పు తుపాకులు

ఇప్పటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాన్ని అప్పట్లో బారామహల్ అనేవారు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ కాలంలో ఇది మైసూరు రాజ్యంలో ఉండేది. 1792లో శ్రీరంగపట్నం సంధి జరిగినప్పుడు టిప్పు వదులుకున్న ప్రాంతాలలో బారామహల్ కూడా ఒకటి. ఆ తర్వాత అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో ఇక్కడికి వచ్చి భూముల లెక్కలు చూశారు. తర్వాత రాయలసీమలో పేరు తెచ్చుకున్న మన్రో దొర ఈయనే. అంటే మన జిల్లా చేతులు మారింది తుపాకుల యుద్ధంతోనే.

ఆ రోజుల తుపాకులు చెకుముకి రాయితో పేలేవి. మీట నొక్కితే రాయి ఉక్కు రేకుకు తగిలి నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ మందును అంటించి గుండును తోస్తుంది. టిప్పు ఇటువంటి తుపాకులను తన కార్ఖానాలలోనే చేయించాడు. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. లోహం మీద పులి చారలు ఉంటాయి. సంవత్సరం టిప్పు ప్రవేశపెట్టిన మౌలూదీ లెక్కలో ఉంటుంది, అంకెలు కుడి నుంచి ఎడమకు రాసి ఉంటాయి. ఈ సంగతి తెలియనివాడు ఆ అంకెను తలకిందులుగా చదువుకొని తప్పు సంవత్సరం చెబుతాడు.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. కోటలోని సొత్తును కంపెనీ సైన్యం పంచుకుంది. టిప్పు తుపాకులు ఎన్నో ఇంగ్లండు చేరాయి. 2019లో ఇంగ్లండులో ఒక ఇంటి అటక మీద దొరికిన టిప్పు ఆయుధాలను వేలం వేశారు. ఈస్టిండియా కంపెనీ అధికారి ఒకరు యుద్ధం తర్వాత తీసుకువెళ్ళిన వస్తువులట అవి. అందులో వెండి పని చేసిన ఒక చెకుముకి తుపాకి, దాని బాకు కలిపి 60,000 పౌండ్లకు అమ్ముడుపోయాయి. మన రూపాయల్లో 50 లక్షలకు పైనే. ఆ తుపాకి ఇప్పుడు యుద్ధానికి పనికిరాదు, కుందేలును కొట్టడానికి కూడా ఎవరూ దాన్ని వాడరు. మరి అంత డబ్బు ఎందుకు పెట్టారు? అది టిప్పుది అని రుజువు ఉంది కాబట్టి. ముద్రలు ఉన్నాయి, ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో తెలుసు. పాత తుపాకి వెల కట్టడంలో మొదటి పాఠం ఇదే. ఇనుముకు ఇచ్చే డబ్బు కొంచెమే, రుజువుకు ఇచ్చే డబ్బు ఎక్కువ.

గొట్టం లోపల ఏముంది?

తుపాకికీ రైఫిలుకీ తేడా ఏమిటని అడిగితే చాలామంది రెండూ ఒకటే అంటారు. తేడా గొట్టం లోపల ఉంది. పాత తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిలు గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. ఆ గాడులవల్ల తూటా బొంగరంలాగా తిరుగుతూ పోతుంది. తిరిగే బొంగరం పడకుండా నిలబడినట్టే తిరిగే తూటా దారి తప్పకుండా చాలా దూరం పోతుంది. నున్నటి గొట్టం నుంచి వచ్చిన గుండు వంద గజాలు దాటితే ఎటు పోతుందో నమ్మలేము.

1853లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు ఈ గాడులు ఉన్నాయి. దీని తూటా కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారనే మాటతోనే 1857 తిరుగుబాటు రగులుకొందని మనం సాంఘికశాస్త్రంలో చదువుకున్నాం. కానీ తిరుగుబాటు అణిచిన తర్వాత ఏం జరిగిందో మన పాఠంలో లేదు. బ్రిటిష్‌వారు భారతీయ సిపాయిల కోసం వేరే తుపాకి చేయించారు. చూడటానికి అచ్చం ఎన్‌ఫీల్డ్ లాగే ఉంటుంది. కట్టె అదే, పొడవు అదే. కానీ గొట్టం లోపల గాడులు లేవు. నున్నగా తొలిచేశారు. దూరం గురి చూసే పలక కూడా తీసేసి ఒక చిన్న గురి మాత్రం ఉంచారు. పక్కపక్కనే నిలబడిన తెల్ల సిపాయి, నల్ల సిపాయి చేతుల్లో ఒకే రకం తుపాకి ఉన్నట్టు కనిపిస్తుంది. పేల్చినప్పుడు మాత్రం ఒకరి తూటా దూరం పోతుంది, ఇంకొకరిది పోదు.

ఆ తర్వాత కూడా అదే పద్ధతి. తెల్ల సైన్యానికి వెనుక నుంచి తూటా పెట్టే స్నైడర్ రైఫిలు వచ్చినప్పుడు మనవాళ్ళకు పాత రకమే మిగిలింది. తెల్లవాళ్ళకు 1871లో మార్టినీ హెన్రీ వచ్చాక మనవాళ్ళకు స్నైడర్ దిగింది. వాళ్ళకు 1888లో ఎనిమిది తూటాల లోపు పెట్టెతో లీ మెట్‌ఫర్డ్ వచ్చాక మనవాళ్ళకు ఒక్కో తూటా పెట్టే మార్టినీ వచ్చింది. ఇంట్లో అన్న చొక్కా తమ్ముడికి దిగినట్టు. చొక్కా అయితే పరవాలేదు. యుద్ధంలో ఒక అడుగు వెనుక ఉన్న ఆయుధం అంటే ప్రాణం పోవడమే. ఒకవేళ వీళ్ళు మళ్ళీ తిరగబడితే మన చేతిలోని తుపాకే మేలుగా ఉండాలి అనేది పాలకుల లెక్క.

ప్రజలకైతే ఆ పాత తుపాకి కూడా లేదు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకు ఆ అక్కర ఉండేది కాదు. 1930లో గాంధీజీ వైస్రాయి ముందు పెట్టిన పదకొండు కోరికల్లో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలి అనేది కూడా ఒకటి. అహింస చెప్పిన గాంధీజీ ఇది ఎందుకు అడిగారని నాకు ఆశ్చర్యం వేసింది. ఆలోచిస్తే తెలిసింది, ఆయన అడిగింది తుపాకి కాదు, సమానత్వం. వాడికి లైసెన్సు అక్కరలేదు, నాకు అడిగినా ఇవ్వరు అనేదే ఆయన బాధ.

త్రీ నాట్ త్రీ ని గుర్తుపట్టడం ఎలా?

మన దేశంలో పాత మిలిటరీ రైఫిలు అంటే నూటికి తొంభైమందికి తెలిసింది త్రీ నాట్ త్రీ. సినిమాలో పోలీసులు భుజాన పెట్టుకొనేది, బ్యాంకు దగ్గర, ఎన్నికల బూతు దగ్గర మన పెద్దలు చూసిందీ అదే. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. గొట్టం లోపలి వెడల్పు .303 అంగుళం, అంటే 7.7 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ పేరు. పొడవు సుమారు 113 సెంటీమీటర్లు, బరువు సుమారు 4 కేజీలు. లోపు పెట్టెలో 10 తూటాలు పడతాయి. ఐదేసి తూటాల పట్టీలు రెండు పైనుంచి దించాలి. ఒక్కోసారి పేల్చాక పక్కనున్న బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తేనే తర్వాతి తూటా ఎక్కుతుంది. బాగా తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి 15 తూటాలు గురి చూసి పేల్చేవాడు. మా వీధిలో మిలిటరీ నుంచి రిటైరైన తాత ఒకరున్నారు. "భుజానికి గట్టిగా ఆనించకుంటే అది శత్రువు కంటే ముందు మనల్నే కొడుతుంది నాయనా" అని ఆయన చెబుతారు.

ఇక ముద్రల సంగతి. రైఫిలు కట్టె సన్నబడి చెయ్యి పట్టుకొనే చోట, బోల్టు కింద, ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. ముఖ్యమైన ముద్రలన్నీ అక్కడే. వాటిని పైనుంచి కిందికి మన మార్కుల జాబితా చదివినట్టు చదవాలి.

మొదట కిరీటం, దాని కింద రాజు అక్షరాలు. ఇంగ్లండులో చేసినదైతే ఎడ్వర్డు రాజుకు ఇ.ఆర్., జార్జి రాజుకు జి.ఆర్. అని ఉంటుంది. మన దేశంలో చేసినదైతే జి.ఆర్.ఐ. అని ఉంటుంది. చివరి ఐ అనే అక్షరానికి లాటిన్ భాషలో చక్రవర్తి అని అర్థం. ఇంగ్లండుకు రాజు, ఇండియాకు చక్రవర్తి. ఆ ఒక్క అక్షరంలో మన బానిసత్వం ఉంది.

రెండోది కార్ఖానా పేరు. ఎన్‌ఫీల్డ్ అనేది లండను పక్కన ఉన్న ఊరు. బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ కంపెనీ. లిత్‌గో అంటే ఆస్ట్రేలియా. ఆర్.ఎఫ్.ఐ. అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్, మన బెంగాల్‌లో కలకత్తా పక్కన ఉంది. అక్కడ 18వ శతాబ్దం చివర కంపెనీవారు తుపాకి మందు కార్ఖానా పెట్టారు. అదే స్థలంలో 1904లో రైఫిల్ కార్ఖానా మొదలైంది.

మూడోది సంవత్సరం. ఉదాహరణకు 1942 అని ఉంటే ఆ రైఫిలు రెండో ప్రపంచ యుద్ధం కోసం చేసింది. నాలుగోది రకం పేరు, మార్క్ 3 అనో, పక్కన చుక్క గుర్తుతోనో ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలకు వేలు త్వరగా కావలసి వచ్చినప్పుడు కొన్ని భాగాలు తగ్గించి చేశారు, ఆ చుక్క గుర్తు దానికే.

స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్‌లో చేసిన వాటి మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. కార్ఖానా అదే, తుపాకి అదే, ముద్ర మారింది. నాకు ఈ మార్పు చదివినప్పుడు చాలా సంతోషం కలిగింది.

ఇంకా కొన్ని గుర్తులు ఉన్నాయి. బాణం ములుకు గుర్తు ఉంటే అది ప్రభుత్వ సొత్తు. రెండు ములుకులు ఎదురెదురుగా తాకుతున్నట్టు ఉంటే సైన్యం దాన్ని బయటికి అమ్మేసిందని అర్థం. డి.పి. అని ఉంటే డ్రిల్లుకు మాత్రమే, పేల్చకూడదు. ఎన్.సి.సి. అన్నలు, అక్కలు పరేడులో పట్టుకొనేవి ఇటువంటివే. ముందు కట్టె చుట్టూ రాగి తీగ బిగించి చుట్టి ఉంటే దాంతో గ్రెనేడ్లు విసిరేవారు, ఆ అదురుకు కట్టె పగలకుండా తీగ చుట్టారు. చూసేవాళ్ళు ఎవరో విరిగిన తుపాకిని కట్టు కట్టారనుకుంటారు.

1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ ఇదే ఆకారంలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపోయే కొత్త రైఫిలు కూడా చేసింది. దాని పేరు 2ఎ, తర్వాత 2ఎ1. దూరం నుంచి చూస్తే త్రీ నాట్ త్రీ లాగే ఉంటుంది. దగ్గరికి వస్తే తూటాల పెట్టె ఎక్కువ చదరంగా ఉంటుంది. ఈ రెండింటి తూటాలు ఒకదానికొకటి పనికిరావు. కాబట్టి గుర్తుపట్టడం అనేది డబ్బు కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

దొంగ ముద్రలు

వెల ఉన్నచోట మోసం ఉంటుంది. పెషావర్ దగ్గర దర్రా ఆదంఖేల్ అనే ఊర్లో నూరేళ్ళకు పైగా చేతిపనివాళ్ళు బ్రిటిష్ తుపాకులకు నకళ్ళు చేస్తున్నారు. ముద్రలు కూడా చూసి చెక్కుతారు. కానీ చెక్కేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని కొన్నిటిలో అక్షరం తిరగబడి ఉంటుంది, కొన్నిటిలో ఊరి పేరే తప్పుగా ఉంటుంది. ఇంకో చిక్కు రాణి పేరుతో వస్తుంది. విక్టోరియా రాణి 1901లో చనిపోయింది. మనం చెప్పుకొన్న పొట్టి రకం లీ ఎన్‌ఫీల్డ్ ఆ తర్వాతే వచ్చింది. అటువంటి రైఫిలు మీద విక్టోరియా అక్షరాలైన వి.ఆర్. కనిపిస్తే అనుమానపడాలి. చరిత్రలో తేదీలు ఎందుకు బట్టీ పట్టాలి అని మేము మా సార్లను విసిగిస్తుంటాం. రాణి చనిపోయిన సంవత్సరం తెలిసినవాడిని ఈ మోసగాడు మోసం చేయలేడు. తేదీలకు ఈ ఉపయోగం కూడా ఉంది.

ఒక్క తూటా తుపాకి

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది .410 మస్కెట్. మంచి త్రీ నాట్ త్రీ రైఫిలును తీసుకొని ఇషాపూర్‌లో గొట్టం గాడులు లేకుండా నున్నగా చేశారు. పది తూటాలు పట్టే చోట కట్టె ముక్క పెట్టి మూసేశారు. ఇక ఒక్కోసారి ఒక్క తూటానే పడుతుంది, అదీ దగ్గరికి మాత్రమే పనిచేస్తుంది. ఇది పోలీసులకు, జైలు కాపలావాళ్ళకు, ఇతర గార్డులకు ఇచ్చారు. ఎవరైనా లాక్కుపోయినా ప్రభుత్వానికి పెద్ద ప్రమాదం ఉండదని. 1858లో చేసిన పనే మళ్ళీ చేశారు. తుపాకిని పాడుచేసి మన చేతికి ఇచ్చారు. బయటి దేశాల్లో ఇప్పుడు తుపాకులు సేకరించేవారు దీన్ని వింత వస్తువుగా కొంటారు. మనకు మాత్రం ఇది ఒక సాక్ష్యం. పాలకులు మనల్ని ఎంతవరకు నమ్మారో ఆ కట్టె ముక్క చెబుతుంది.

ఇంత కట్టుదిట్టం చేసినా 1922లో ఏం జరిగిందో తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన మన్యం అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేశాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చేతికి వచ్చాయి. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం చేసి వెళ్ళాడని చెబుతారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు మన్యం వీరుల చేతిలో చనిపోయారు. అప్పటి నుంచి 1924 మే నెలలో రాజును పట్టి కాల్చి చంపేవరకు ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దించవలసి వచ్చింది.

26 తుపాకులంటే బజారు లెక్కలో ఏమంత? 2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి వంద కూడా రాదు. తూటాలు అయిపోతే తుపాకి చేతికర్రతో సమానం. అయినా బాణాలతో, నాటు తుపాకులతో ఉన్న మన్యం మనిషికి ఆ 26 తుపాకులు ఒక సామ్రాజ్యాన్ని రెండేళ్ళు నిద్రపోనివ్వని వస్తువులు. అదే తుపాకి పోలీసు చేతిలో ఉన్నప్పుడు ఒక విలువ, రాజు చేతిలో ఉన్నప్పుడు ఇంకో విలువ.

మన సిపాయిలు యుద్ధం చేయలేరని కాదు. 1914లో మన దళాలు ఫ్రాన్సులోని మార్సే రేవులో దిగినప్పుడు వాళ్ళ పాత రైఫిళ్ళు అక్కడి కొత్త తూటాలకు సరిపోలేదు. అక్కడే కొత్తవి ఇచ్చి కొన్ని వారాల్లోనే యుద్ధానికి పంపారు. చలిలో, తెలియని దేశంలో, చేతికి అలవాటులేని రైఫిలుతో వాళ్ళు నిలబడి పోరాడారు. ఆ యుద్ధంలో మొత్తం 70,000 మందికి పైగా భారత సిపాయిలు చనిపోయారు.

డబ్బు లెక్క

సైన్యానికి అక్కరలేక బయటికి అమ్మిన ఆయుధాన్ని మిగులు సరుకు అంటారు. పెద్ద యుద్ధాల తర్వాత ఇటువంటివి లక్షల్లో మిగులుతాయి, వెల పడిపోతుంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీని చంపిన రైఫిలు కూడా ఇటలీ సైన్యం మిగులు సరుకే. ఆ హంతకుడు దాన్ని గురి చూసే దుర్భిణితో కలిపి 20 డాలర్ల లోపు వెలకు, దొంగ పేరుతో పోస్టులో తెప్పించుకున్నాడు. 1968లో అమెరికా చట్టం చేసి పోస్టులో అమ్మడం ఆపింది. తక్కువ వెల అంటే తక్కువ ప్రమాదం అని కాదు.

మన ఇషాపూర్ రైఫిళ్ళు కూడా అమెరికాకు మిగులు సరుకుగా పోయాయి. అక్కడ వెల కట్టేవారు చూసేవి కొన్ని ఉన్నాయి. బోల్టు మీద, గొట్టం మొదట్లో, గురి పలక మీద, ముందు కొనమీద ఉన్న నంబరు ఒకటేనా? ఒకటే అయితే అన్నీ మొదటి నుంచి కలిసి ఉన్న భాగాలు, వెల ఎక్కువ. గొట్టం లోపల గాడులు మెరుస్తున్నాయా, తుప్పు తిన్నాయా? కట్టె అసలుదా, ఎవరైనా వేటకని కోసేశారా? ముద్రలు చెరగకుండా ఉన్నాయా? కొత్తదిలా కనిపించాలని ఉప్పుకాగితం వేసి రుద్ది, వార్నిషు పూస్తే వెల పెరగదు, సగానికి పడిపోతుంది. మన పాత గుడి శాసనం మీద సున్నం పూసినట్టే అది. శుభ్రం అయినట్టు ఉంటుంది, చదవడానికి ఏమీ మిగలదు.

మన దేశంలో ఈ బజారు లేదు. త్రీ నాట్ త్రీ మన చట్టంలో నిషేధ రకం, మామూలు ప్రజలు ఉంచుకోకూడదు. అందుకే ప్రభుత్వ కార్ఖానా ప్రజల కోసం .315 అనే వేరే కొలత రైఫిలు చేస్తుంది. దాని బోల్టు పనితీరు మాత్రం లీ ఎన్‌ఫీల్డ్ లాంటిదే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఏ తుపాకికైనా లైసెన్సు కావాలి. ఎన్నికల సమయంలో లైసెన్సు ఉన్నవాళ్ళు కూడా తుపాకిని స్టేషనులో అప్పగించడం మనం చూస్తుంటాం. పాడైపోయి, బాగుచేసినా పేలని పురాతన ఆయుధానికి మాత్రం ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. కానీ అది పేలుతుందా పేలదా అని తేల్చవలసింది మనం కాదు, అధికారులు. నూరేళ్ళు దాటిన వస్తువును 1972 పురావస్తు చట్టం కాపాడుతుంది, దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

మన జిల్లాలో పెన్నాగరం, అరూరు, పాలక్కోడు వైపు అడవి పక్కన ఊర్లు చాలా ఉన్నాయి. అడవిపందుల భయానికి ఎప్పుడో తాతలు ఉంచుకున్న నాటు తుపాకులు అప్పగించమని పోలీసులు అప్పుడప్పుడు ప్రకటన చేస్తారు. కొందరు భయపడి దాస్తారు, కొందరు బావిలో వేస్తారు, కొందరు పాత ఇనుము అంగడిలో తూకానికి వేస్తారు. ఈ మూడూ తప్పే. దాస్తే జైలు. పారేస్తే ఎవరి చేతికి చిక్కుతుందో తెలియదు. తూకానికి వేస్తే లోపల మందు ఉండి కోసేవాడి చెయ్యి పోవచ్చు.

ఎవరి ఇంట్లోనైనా పాత తుపాకి బయటపడితే పిల్లలు దాన్ని ముట్టుకోకూడదు. బోల్టు లాగి చూడకూడదు, గొట్టంలో కన్ను పెట్టకూడదు. ఖాళీ తుపాకి అని ఎవరు చెప్పినా నమ్మకూడదు. పెద్దవాళ్ళు దగ్గరి స్టేషనుకు చెప్పాలి. అప్పగించేటప్పుడు రసీదు తీసుకోవాలి. ముద్రలు, నంబరు కాగితం మీద రాయించుకోవాలి. అది ఇంటికి ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మాట కూడా తేదీ వేసి రాసుకోవాలి. నిజంగా పాతదైతే మ్యూజియానికి పంపమని అర్జీ పెట్టవచ్చు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో తంజావూరు నుంచి వచ్చిన పాత ఆయుధాలు ఉన్నాయి. 2021లో ఎగ్మూరులోనే పాత కమిషనరు ఆఫీసులో తమిళనాడు పోలీసు మ్యూజియం తెరిచారు. మన తుపాకి అక్కడ ఉంటే వెయ్యిమంది పిల్లలు చూస్తారు.

చివరగా

త్రీ నాట్ త్రీ చాలా ఎక్కువకాలం మన మధ్య ఉంది. 2008 నవంబరు 26 రాత్రి ముంబై రైల్వే స్టేషనులో యంత్ర తుపాకులతో వచ్చినవాళ్ళను మన పోలీసులు లాఠీలతో, ఈ పాత రైఫిళ్ళతో ఎదుర్కోవలసి వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి 2020 జనవరి 26 పరేడులో వీడ్కోలు చెప్పారు. ముంబై సంగతి చదివినప్పుడు నాకు 1858 తుపాకి గుర్తుకు వచ్చింది. అప్పుడు పరాయి ప్రభుత్వం కావాలని మన సిపాయికి తక్కువ ఆయుధం ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి అరవై ఏళ్ళయినా మన పోలీసు చేతిలో అదే కాలం నాటి ఆయుధం ఉంది. ఈసారి ఎవరూ కావాలని చేయలేదు, కానీ కింది ఉద్యోగి ప్రాణానికి ఎంత వెల కట్టాము అనే ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

కాబట్టి పాత తుపాకి విలువ ఎంత అంటే నా జవాబు ఇది. ఇనుముగా దాని విలువ తక్కువ. సేకరించేవాడికి దాని విలువ ముద్రలను, రుజువును బట్టి ఉంటుంది. మనకు దాని విలువ అది చెప్పే చరిత్రలో ఉంది. గొట్టం నున్నగా ఉందా, గాడులు ఉన్నాయా, పది తూటాల చోట కట్టె ముక్క ఉందా, కిరీటం ఉందా, సింహాలు ఉన్నాయా అని చూస్తే నూట యాభై ఏళ్ళలో మనవాళ్ళు ఎలా బతికారో తెలుస్తుంది. దాన్ని చదవకుండా కరిగిస్తే నాలుగు కేజీల ఇనుము మిగులుతుంది. చదివి, రాసిపెట్టి, అప్పగించవలసిన చోట అప్పగిస్తే మన తర్వాత వచ్చే పిల్లలకు ఒక పాఠం మిగులుతుంది.